భయానికి ఇతివృత్తం: రోలర్ కోస్టర్ వస్తుశిల్పాల గురించి

వస్తువే శిల్పాన్ని నిర్ణయిస్తుందన్నది మన విమర్శలో బాగా నలిగిన మాట. ఏం చెప్పదలచుకున్నామో అదే ఎలా చెప్పాలో తేలుస్తుందని మనం వాదిస్తూ వచ్చాం. కాదన్నవాళ్లతో పేజీలకు పేజీలు పోట్లాడాం. ఈ సూత్రాన్ని అక్షరాలా తలకిందులు చేసే రూపం ఒకటి మన నగరం అంచున పనిచేస్తోంది. అక్కడ శిల్పం ముందు పుడుతుంది, ఉక్కుతో. వస్తువు ఆ తరువాత వస్తుంది, రంగుడబ్బాతో. ఒక్కొక్కసారి అసలు రానే రాదు. దాన్ని రోలర్ కోస్టర్ అంటున్నారు.

సాహిత్య పత్రికలో దీని ప్రసక్తి ఏమిటని పాఠకులు అడగవచ్చు. నేను పాఠం చెప్పే బడి కొత్తగూడకు దగ్గరలో ఉంది. గూడ అంటే నాలుగు ఇళ్ల పల్లె. పేరులో పల్లె మిగిలింది. చుట్టూ అద్దాల మేడలు లేచాయి. మా దగ్గర చదువుకొని తరువాత తెలుగు ఎం.ఏ. చేసిన పిల్లలు కొందరు ఆ మేడల్లో కూర్చొని కంప్యూటర్ ఆటలకూ, ప్రకటనలకూ, పర్యాటక ప్రదర్శనలకూ కథలు రాసి జీతం తెచ్చుకుంటున్నారు. వాళ్లలో ఒకరి బల్ల మీదికి రేపు ఒక కాగితం రావచ్చు: 'కొత్త రోలర్ కోస్టర్ కడుతున్నాం, దీనికొక కథ కావాలి.' ఈ పనిని ఆ వృత్తిలో థీమింగ్ అంటారు. థీమ్ అంటే మన ఇతివృత్తమే. నాట్యానికి ఇతివృత్తం శరీరమని భరతుడి మతం. ఇక్కడ మాత్రం శరీరం ప్రేక్షకుడిది. టికెట్ కొని తెచ్చుకుంటాడు.

కనక ముందుగా ఆ యంత్రం ఏమిటో చూడాలి. యంత్రం తెలియకుండా దాని కథను విమర్శించడం ఛందస్సు తెలియకుండా పద్యాన్ని విమర్శించడం వంటిది.

కొత్తగూడ నుంచి గచ్చిబౌలి మీదుగా అవుటర్ రింగ్ రోడ్డెక్కి దక్షిణంగా పోతే, రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలంలో రావిర్యాల వస్తుంది. అక్కడ సుమారు 50 ఎకరాల్లో వండర్లా పార్కు 2016 ఏప్రిల్‌లో తెరుచుకుంది. సంస్థ కేరళది. 2000లో కొచ్చిలో మొదలుపెట్టి, 2005లో బెంగుళూరు వచ్చి, ఆ తరువాత మన దగ్గరికి వచ్చింది. ఈ పార్కులో అందరూ చెప్పుకునేది రీకాయిల్ అనే రోలర్ కోస్టర్. తుపాకి పేలినప్పుడు భుజం మీద వెనక్కి తన్నుతుందే, దాన్ని ఇంగ్లీషులో ఆ మాటతో చెబుతారు.

పట్టాల పొడవు 285 మీటర్లు, అత్యధికమైన ఎత్తు 35 మీటర్ల పైచిలుకు, వేగం గంటకు సుమారు 75 కిలోమీటర్లు. బండిలో 28 మంది పడతారు. మామూలు రోలర్ కోస్టర్‌లో పట్టా చుట్టు తిరిగి బయలుదేరిన చోటికి వస్తుంది. ఇందులో అలా కాదు. పట్టాకు రెండు కొసలు ఉన్నాయి, రెండూ ఆకాశంలోకి లేచి ఆగిపోతాయి. బండిని ఒక తాడు వెనక్కి, అంటే మన వీపు వైపుకు, మొదటి గోపురం మీదికి లాగుతుంది. మొహం కిందకు వేలాడుతుంది. అక్కడ వదిలేస్తుంది. బండి ఎక్కిన చోటు మీదుగానే దూసుకుపోయి, పడగ విప్పిన పాములా మెలిక తిరిగిన పట్టాలో రెండుసార్లు, ఆ తరువాతి పెద్ద చుట్టులో ఒకసారి తలకిందులై, రెండవ గోపురం ఎక్కుతుంది. అక్కడ గొలుసు అందుకొని మరికొంత పైకి లాగి మళ్లీ వదులుతుంది. ఇక వచ్చిన దారినే, వెనక్కి. దారి కనపడదు. మూడు తలకిందులు ఆరవుతాయి. రెండు నిమిషాలు గడవకుండానే అంతా అయిపోతుంది.

ఇందులో ఇంజను లేదన్న సంగతి సాహిత్య విద్యార్థులు గమనించాలి. ఎత్తుకు లాగడం ఒక్కటే మోటారు పని. మిగిలిందంతా భూమి చేస్తుంది. కథకు ఎత్తుగడ బాగా కుదిరితే మిగతా కథ తనంత తాను నడుస్తుందంటామే, ఇక్కడ ఆ మాట భౌతికశాస్త్రం.

చుట్టు విషయం ఇంకా ఆసక్తికరమైనది. 1895లో న్యూయార్క్ దగ్గరి కోనీ ఐలండ్‌లో అచ్చమైన వృత్తాకారంలో ఒక చుట్టు కట్టారు. ఎక్కినవాళ్ల మెడలు పట్టేశాయి; ఆ రకం నిలవలేదు. కారణం లెక్కలో ఉంది. పైన పడిపోకుండా ఉండేటంత వేగంతో నిండు వృత్తాన్ని చుట్టి రావాలంటే, కింద ప్రవేశించే క్షణాన మనిషి తన బరువుకు ఆరు రెట్లు బరువు మోయాలి. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో జర్మనీకి చెందిన ఆంటన్ ష్వార్జ్‌కోఫ్ కట్టిన బండికి వెర్నర్ స్టెంగెల్ అనే ఇంజనీరు చుట్టును నీటిబొట్టు ఆకారంలో గీశాడు. కింద వంపు విశాలంగా, పైన బిగువుగా. అప్పటి నుంచి తలకిందులవడం ఒక పరిశ్రమ అయింది. భయపెట్టాలి, గాయపరచకూడదు; ఎంత బరువు, ఎన్ని సెకన్లు, ఏ వంపు దగ్గర అన్నది కొలిచి గీస్తారు. చక్రాలు కూడా అంతే. పట్టాకు పైన ఒకటి, పక్కన ఒకటి, కింద ఒకటి. బండి గాలిలోకి లేవబోయినా కింది చక్రం పట్టి ఉంచుతుంది. ఆ కింది చక్రానికి జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1919లో పేటెంటు తీసుకున్నాడు. భయం ఎంత కల్పితమో భద్రత అంత వాస్తవం.

ఇప్పుడు ఇతివృత్తం దగ్గరికి వద్దాం. రీకాయిల్ నమూనాను కట్టేది వెకోమా అనే నెదర్లాండ్స్ సంస్థ. ఆ నమూనా పేరు బూమరాంగ్. 1980ల మొదట్లో వచ్చిన ఈ ఒక్క నమూనాకే ప్రపంచంలో 50కి పైగా ప్రతులు ఉన్నాయి. అవే వంపులు, అదే ఎత్తు, అవే తలకిందులు. తేడా పేరులో, రంగులో. ఒక దేశంలో పాము, ఒక దేశంలో తుపాకి. అచ్చు పుస్తకానికి అట్ట మార్చి వేరే నవలగా అమ్మినట్టుంది కదా? కాని అక్కడ పాఠకుడు మోసపోతాడు. ఇక్కడ ఎవరూ మోసపోవడం లేదు. ఎక్కినవాడికి అట్టతో పనిలేదు. అతని ఒళ్లు వణికింది, అంతవరకు నిజం.

దీన్ని మన అలంకారశాస్త్రం సహాయంతో చూస్తే మరికొంత తేటపడుతుంది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. ఈ ఎనిమిది సాత్త్విక భావాలను మనం పరీక్షల కోసం వల్లె వేశాం. నటుడికి వీటిని తెప్పించుకోవడం కష్టమని, మనసు లీనమైతే తప్ప చెమట పట్టదని, ఒళ్లు గగుర్పొడవదని చెప్పుకున్నాం. రావిర్యాలలో ఆ బండి దిగే మెట్ల దగ్గర నిలబడండి. కొయ్యబారినవాడు, చెమటలు కక్కుతున్నవాడు, గొంతు మారిపోయినవాడు, వణుకుతున్నవాడు, తెల్లబోయినవాడు, కళ్ల వెంట నీళ్లు కారుతున్నవాడు, అందరూ వరసగా దిగి వస్తారు. విభావం లేదు. సింహం లేదు, శత్రువు లేడు, శ్మశానం లేదు. ఆలంబనమూ ఉద్దీపనమూ లేకుండా నేరుగా సాత్త్వికాలు! రసప్రక్రియను తోక వైపు నుంచి పట్టుకున్నారు.

థీమింగ్ అనేది ఈ లోటును పూడ్చే ప్రయత్నమని నా అభిప్రాయం. ఒళ్లు ముందే వణికింది. ఎందుకు వణికిందో చెప్పడానికి ఒక కారణాన్ని తరువాత అతికిస్తారు. దయ్యం అంటారు, రాక్షసుడు అంటారు, గ్రహాంతరయానం అంటారు. ఇదే పార్కులో మిషన్ ఇంటర్‌స్టెల్లార్ అనే మరో ప్రదర్శన ఉంది; దానికి అంతరిక్షం ఇతివృత్తం. విభావాన్ని ఎవరో ఒకరు ఎంచుకొని పెట్టాలి. ఏ భయాన్ని ఎంచుకుంటారు, ఏ భయాన్ని వదిలేస్తారు అన్నచోట సాహిత్య విమర్శకు పని మొదలవుతుంది.

ఒక దాత టికెట్లు కొనిపెడితే మా బడి పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకుపోయాం. మరుసటి వారం తెలుగు పీరియడ్‌లో ఆ బండి గురించి వ్యాసం రాయమన్నాను. రీకాయిల్ అనే మాటకు అర్థం ఒక్కరూ రాయలేదు. ఆ పేరు వాళ్లకు తగలనే లేదు. కాని విభావాలు లేకుండా ఎవరూ రాయలేదు! ఎవరికి వారు తమ ఇంటి నుంచి తెచ్చుకున్నారు. ఒక అమ్మాయి, గిలక మీద నుంచి చేంతాడు జారిపోయి బొక్కెన బావిలోకి పడిపోతున్నట్టుందని, తాను ఆ బొక్కెననని రాసింది. ఒక పిల్లవాడి తండ్రి ఇక్కడి మేడలకు బయట వైపు అద్దాలు తుడుస్తాడు. 'మా నాయన జూల మీద నిలబడితే ఇట్లనే ఉంటదేమో, కాని మా నాయన అరువడు' అని రాశాడు. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక గౌండ్ల పిల్లవాడు, తాటిచెట్టు మీద మోకు జారిన తాత సంగతి రాసి బండి సంగతి మరిచిపోయాడు. నేను అతనికి మార్కులు తగ్గించలేదు.

మోకు జారడం గురించి తెలియని పాఠకులకు రెండు మాటలు. గీత కార్మికుడు నడుముకు మోకు చుట్టుకొని, కాళ్లకు గుజి తగిలించుకొని చెట్టెక్కుతాడు. మోకు పట్టు తప్పితే కింద ఏ చక్రమూ పట్టి ఉంచదు. పడి చనిపోయినవాళ్లు, నడుములు విరిగి మంచం పట్టినవాళ్లు తెలంగాణలో ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. చెట్టెక్కేవాళ్లకు ప్రాణరక్షణ పట్టీలను కాటమయ్య రక్షణ కవచం పేరుతో రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలైలో పంచడం మొదలుపెట్టింది. మొదట పంచిన లష్కర్‌గూడ, అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోది. రావిర్యాల ఉన్న రంగారెడ్డి జిల్లాలోదే. ఆ పార్కులో 2016లో మొదటి రోజు మొదటి బండి కదలడానికి ముందే 28 మంది భుజాల మీదా పట్టీలు బిగిశాయి. సరదా కోసం ఎత్తెక్కేవాడికి భద్రత ముందుగా వచ్చింది, బతుకు కోసం ఎక్కేవాడికి తరాలు ఆలస్యంగా. ఇందులో పార్కు తప్పేమీ లేదు. అది తన పని సరిగ్గా చేసింది. ఏ భయం చుట్టూ ఇంజనీర్ల తెలివి పోగుపడుతుందో చెప్పడానికే ఈ పోలిక.

యంత్రం చరిత్ర తిరగేస్తే ఈ పోలిక నేను బలవంతంగా తెచ్చింది కాదని తెలుస్తుంది.

దీని తొలి రూపం రష్యాలోది. 17, 18 శతాబ్దాల్లో చలికాలం కొయ్యచట్రాల మీద నీళ్లు పోసి గడ్డకట్టించి, ఆ మంచుకొండ మీద నుంచి జారేవాళ్లు. అది జనం ఆట; తరువాత రాణులకూ నచ్చింది. 1817లో పారిస్‌లో చక్రాలు తగిలించి రష్యన్ కొండలన్నారు. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ రోలర్ కోస్టర్‌ను ఆ పేరుతోనే పిలుస్తారు. రష్యన్లు మాత్రం అమెరికన్ కొండలంటారు.

అసలు మలుపు అమెరికాలో, బొగ్గుగనుల దగ్గర జరిగింది. పెన్సిల్వేనియాలో మాక్ చంక్ అనే ఊరికి పైనున్న కొండ మీద బొగ్గు. దాన్ని కింద నదీతీరానికి చేర్చడానికి 1827లో పట్టాలు వేశారు. నిండు పెట్టెలు వాలులో తమంతట తాము దిగేవి. వాటితో పాటే కంచరగాడిదలు కూడా పెట్టెల్లో ఎక్కి దిగేవి. తరువాత ఖాళీ పెట్టెలను ఆ కంచరగాడిదలే పైకి లాగేవి. చూడవచ్చినవాళ్లు తామూ ఎక్కుతామన్నారు. 1872లో బొగ్గుకు వేరే దారి ఏర్పడింది, ఈ పట్టాలు పూర్తిగా వినోదయాత్రకు మిగిలాయి. 1930ల దాకా జనం డబ్బిచ్చి ఎక్కారు. ఆధునిక రోలర్ కోస్టర్‌కు తల్లి ఇదే.

అదే ఊళ్లో, ఆ వినోదయాత్ర జోరుగా సాగుతున్న కాలంలోనే, 1877 జూన్ 21న నలుగురు ఐరిష్ గని కార్మికులను ఉరితీశారు. అదే రోజు పొరుగున ఉన్న పాట్స్‌విల్‌లో మరో ఆరుగురిని. మాలీ మగ్వయర్లనే రహస్య సంఘానికి చెందినవాళ్లని, హత్యలు చేశారని అభియోగం. ఒక ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ మనిషి సాక్ష్యం మీద, గని యాజమాన్యాల వకీళ్లు నడిపిన కేసులవి. బొగ్గు తవ్వినవాడి కథ ఉరికొయ్య దగ్గర ఆగింది. బొగ్గు దిగిన దారి మాత్రం ఉల్లాసయాత్ర అయింది. ఒకే కొండ, ఒకే పట్టాలు.

1884లో లమార్కస్ థాంప్సన్ అనేవాడు కోనీ ఐలండ్‌లో, టికెట్ 5 సెంట్లకు, ఇలాంటిదొకటి కట్టాడు. వేగం గంటకు 10 కిలోమీటర్లు కూడా లేదు. పోటీ పెరిగింది. వేగం పెంచడానికి బదులు అతను వేరే ఎత్తు వేశాడు. 1887లో అట్లాంటిక్ సిటీలో కట్టిన బండి దారి పొడుగునా సొరంగాలు పెట్టి, లోపల రంగుల దృశ్యాలు గీయించి, బండి దగ్గరికి రాగానే దీపాలు వెలిగేటట్టు చేశాడు. థీమింగ్‌కు పుట్టినరోజు వెతకాలంటే దీన్ని చెప్పవచ్చు. నాకు ముఖ్యంగా కనిపించేదేమంటే, బొగ్గుబండి బొగ్గును పోగొట్టుకున్న కొద్దికాలానికే దానికి బొమ్మలు కావలసి వచ్చాయి. ఉన్న కథను చెరిపినచోట ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలో తెర వేలాడదీశారు.

డిస్నీలాండ్ 1955లో వచ్చింది. దాన్ని రూపొందించినవాళ్లలో చాలామంది సినిమా కళాదర్శకులు. 1959లో అక్కడ మాటర్‌హార్న్ అనే కృత్రిమ మంచుకొండ లోపల గొట్టపు ఉక్కుపట్టాల మీద బండి నడిపారు. ఉక్కు గొట్టాన్ని ఎటు కావాలంటే అటు వంచవచ్చు. కొయ్యతో అది కుదరదు. ఆ రోజు నుంచి కొండ ఇతివృత్తం, ఉక్కు శిల్పం. 1979లో అదే పార్కులో బిగ్ థండర్ మౌంటెన్ రైల్‌రోడ్ తెరిచారు. ఇతివృత్తం ఏమిటనుకున్నారు? గనిబండి! పాడుపడిన బంగారుగని ఊరు, కొండకు శాపం, నడిపేవాడు లేకుండా పరుగెత్తే రైలు. నూరేళ్ల తరువాత గని తిరిగి వచ్చింది, కాని గని కార్మికుడు లేకుండా వచ్చింది. అతని స్థానంలో దయ్యం ఉంది. నేటికీ అది ఎంతో జనాదరణ ఉన్న బండి. పనితనం కూడా గొప్పదే. శ్రమను జ్ఞాపకంగా కాక వాతావరణంగా మార్చే విద్యను నేర్చుకోవాలంటే దాన్ని మించిన పాఠ్యగ్రంథం లేదు.

వెకోమా సంస్థ చరిత్ర కూడా ఇక్కడే చెప్పాలి. 1926లో వ్యవసాయ పరికరాలు చేయడంతో మొదలై, తరువాత నెదర్లాండ్స్ బొగ్గుగనులకు ఉక్కు నిర్మాణాలు చేసింది. 1960లలో అక్కడి గనుల మూసివేత మొదలయ్యాక గొట్టాలు, ఆపైన రోలర్ కోస్టర్లు. అంటే రావిర్యాలలో ఉన్న ఉక్కు వంపులకు తల్లి వైపునా తండ్రి వైపునా బొగ్గే.

మనకు బొగ్గు లేదా? కొత్తగూడ అనగానే పరాయి ఊరివాళ్లు కొత్తగూడెమా అని అడుగుతారు. అక్కడ ఉంది సింగరేణి కేంద్ర కార్యాలయం. 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు బయటపడిన నాటి నుంచి ఆ బాయిల్లో ఎన్ని తరాలు దిగాయి! హాలేజి తాడు టబ్బులను వాలులో పైకి లాగుతుంది. తాడు తెగితే టబ్బులు కిందకు దూసుకువస్తాయి. రోలర్ కోస్టర్ ఎక్కినవాడు కొనుక్కునే భయం సరిగ్గా ఇది. 2022 చివరలో ఆర్టీసీ సింగరేణి దర్శన్ పేరుతో హైదరాబాదు నుంచి గనులు చూపించే యాత్ర మొదలుపెట్టింది. దీన్ని చూసి మొహం చిట్లించుకున్న మిత్రులున్నారు. నేను చిట్లించుకోను. గనిని దయ్యాలకొంపగా చూపించడం కన్నా గనిగా చూపించడం మేలు. ఏ మాటలతో చూపిస్తారన్నది అసలు సంగతి.

ఇంతవరకు మన దగ్గర ఇతివృత్తాలను ఎంచుకున్న తీరు రెండు విధాలు. ఒకటి రామోజీ ఫిల్మ్ సిటీది. 1996లో ఏర్పడిన ఆ చిత్రనగరంలో 'బాహుబలి' సెట్లను అట్టేపెట్టి సందర్శకులకు చూపుతున్నారు. లేని రాజ్యానికి రాజప్రాసాదం. తెలుగువాడి కల్పనాలోకం అనగానే సింహాసనమే గుర్తుకు రావడం యాదృచ్ఛికం కాదు. మన సినిమా మనకు అలవాటు చేసింది. రెండవది మాదాపూర్‌లోని శిల్పారామం. 1992లో మొదలైంది, అప్పటికి సైబర్ టవర్స్ కట్టడానికి ఇంకా ఆరేళ్లుంది. అందులో ఒక పల్లె ఉంది. నిలువెత్తు బొమ్మలు కుండ చేస్తూ, బట్ట నేస్తూ ఉంటాయి. చుట్టుపక్కల నిజమైన పల్లెలు ప్లాట్లుగా మారుతున్న కాలంలో మధ్యలో బొమ్మల పల్లె చెక్కుచెదరకుండా నిలిచింది. న్యాయంగా ఒక మాట చెప్పాలి. చేతివృత్తులవాళ్లు తమ సరుకును దళారీ లేకుండా అమ్ముకోవడానికి అక్కడ దుకాణాలున్నాయి, అది చిన్న సంగతి కాదు. నా పేచీ బొమ్మలతోనే. బొమ్మ కుమ్మరి ధర అడగడు, వాన రాలేదనడు, కొడుకు ఈ పని చేయనన్నాడని చెప్పడు.

ఇక్కడ మన శిబిరంలోనే ఒక వాదన వినిపిస్తుంది. ఇదంతా పలాయనవాదం, డబ్బున్నవాళ్ల విలాసం, దీనికి కథలు రాయడమంటే సరుకు సంస్కృతికి ఊడిగం చేయడమేనని. ఈ వాదన సులువైనది. టికెట్ ధర మాట నిజమే. తెలంగాణలో 2025లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు; మూడు రోజుల కూలి కలిపినా ఆ పార్కులో పెద్దవాళ్ల మామూలు టికెట్ ఒకటి రాదు. అయినా భయపడి నవ్వే సరదా డబ్బున్నవాళ్లు కనిపెట్టింది కాదు. జాతరలో రంగులరాట్నం ఎవరిది? నాంపల్లి నుమాయిష్‌లో, చెక్కల బావిగోడ మీద మోటారు సైకిలు గిరగిరా తిప్పేవాణ్ణి చూడటానికి ఎగబడినవాళ్లు ఎవరు? ఆ మృత్యుకూపానికీ రోలర్ కోస్టర్‌కూ ఒక తేడా ఉంది. అక్కడ ప్రమాదం ఆడేవాడిది, చూసేవాడికి అది తెలుసు. పైసలు చేతికి అందించేటప్పుడు వాడి మొహం చూస్తాడు. ఇక్కడ ప్రమాదం ఎవరిదీ కాదు, అందుకని మొహమే లేదు. శ్రమజీవికి వినోదం అక్కరలేదనే విమర్శకుడు జాతరకు పోయి ఉండడు.

కాబట్టి ఆ కాగితం మన పిల్లల బల్ల మీదికి వస్తే తిరగ్గొట్టమని నేను చెప్పను. అయితే ఆ పనిలో కథకు ఉన్న చోటు ఎంతో ముందే కొలుచుకోవాలి. బండి మీద ఉన్న రెండు నిమిషాల్లో ఏ కథా ఎక్కదు. తలకిందులైన మనిషి చదవడు. కథ అంతా వరసలో చెప్పాలి. సెలవు రోజున అరగంట, గంట నిలబడే వరస. డిస్నీ మనుషులు దీన్ని అందరికన్నా ముందు గ్రహించారు. బండి కన్నా వరస నడిచే దారి మీద వాళ్లు పడిన శ్రమ తక్కువది కాదు. గంట సేపు కదలకుండా నిలబడి, చుట్టూ ఏముంటే అది చదివే పాఠకుడు మన పత్రికలకు ఎక్కడ దొరుకుతాడు?

బూమరాంగ్ నమూనాకైతే మరో అవకాశం ఉంది. ముందుకు పోయిన దారినే వెనక్కి రావడం. ముందుకు పోయేటప్పుడు అది సరదాబండి. వెనక్కి వచ్చేటప్పుడు, కళ్లకు దారి కనపడనప్పుడు, వాలులో జారుతున్న గనిటబ్బు. యంత్రం మారనక్కరలేదు, ఒక్క వంపు మార్చనక్కరలేదు. ఎక్కబోయేవాడు వరసలో ఏం చదివాడన్నదాన్ని బట్టి వెనక్కి జారే సగం అర్థం మారిపోతుంది.

ఆ దారిలో ఏం పెట్టాలి? బొమ్మలు వద్దు. ఒక వాడిన మోకు, హాలేజి తాడు ముక్క, అద్దాలు తుడిచేవాడి జూల. వాటి పక్కన వాటిని వాడిన మనిషి మాటలు, అతని యాసలోనే, ఎవరూ సవరించకుండా. మా పిల్లల వ్యాసాల్లోని 'మా నాయన అరువడు' వంటి వాక్యాలు నాలుగు చాలు. సంస్థ ఒప్పుకోకపోవచ్చు, భయం బేరానికి బరువెక్కుతుందని అనవచ్చు. ఒప్పుకున్నా చిక్కులు తీరవు. మాటలిచ్చిన గీత కార్మికుడి పేరు అక్కడ వేస్తారా, అతనికి పైకం ముడుతుందా, నచ్చనప్పుడు తన మాటలు తీసేయమనే హక్కు అతనికి ఉంటుందా, కూర్చిన రచయిత పేరు ఎక్కడ ఉంటుంది అన్నవాటిని సంతకం పెట్టక ముందే కాగితం మీద తేల్చుకోవాలి.